ఈ కథ ముందే తెలిసినవాళ్లు లేవండి

మొన్న ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. నమస్కారం లేదు, ఊరూ పేరూ లేదు. "మేడం, కథల పోటీల్లో ప్రైజు రావాలంటే ఎట్ల రాయాల? ఆన్‌లైన్లో ఒక కోర్సు ఉండాది, చేరమంటారా?" అని అడిగాడు. చేరు నాయనా, అన్నాను. చేరితే పోయేదేమీ లేదు. ఎత్తుగడ ఎలా ఉండాలి, ముగింపు ఎలా ఉండాలి, పాత్రలు ఎలా మాట్లాడాలి, అన్నీ చెబుతారు. నేనూ ఒకప్పుడు చెప్పినదాన్నే. గ్రంథాలయ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. చివరి కొన్నేళ్లు పుస్తకాలకు నంబర్లు వేసిందానికన్నా పోటీ కథలకు నంబర్లు వేసిందే ఎక్కువ. కానీ ఏ కోర్సులోనూ చెప్పని సంగతి ఒకటుంది. మనం రాసింది చదివేటప్పుడు ఎదురుగా ఎవరు వచ్చి కూర్చుంటారో మన చేతిలో ఉండదు. అది ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే అర్థమయ్యేది కాదు. అందుకే ఇలా రాస్తున్నాను. వాడు చదువుతాడో లేదో, మీరైనా చదవండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ల లైబ్రరీల్లో ఆదివారాలు వంతులవారీగా కొత్తగా రాసేవాళ్లకు తరగతులు పెట్టేవాళ్లం. ఎవరెవరో వచ్చేవాళ్లు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగి ఆ నిద్రకళ్లతోనే వచ్చేవాళ్లు, పెళ్లిపత్రికల్లో తప్ప ఎక్కడా తన పేరు అచ్చులో చూసుకోని డీటీపీ ఆపరేటరు, ఏదో ఒక ఉద్యోగం వచ్చేదాకా కథలైనా రాద్దామనుకునే నిరుద్యోగులు. మొదటి రోజే నేను గట్టిగా చెప్పేదాన్ని. "బాంబులు, కొడవళ్లు, సుమోలు రాసుకొచ్చారంటే మీ ముందే చించేస్తా. అవి సినిమావాళ్లు చూసుకుంటారు. మీ ఇంట్లో తెల్లారి లేచినప్పటి నుంచి ఏం జరుగుతుందో అది రాయండి. పేర్లు మార్చండి, చాలు."

పేర్లు మార్చండి, చాలు. ఈ మాట ఎన్ని వందల సార్లు అన్నానో! నాకు కోపం ఎక్కువని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు అడిగేవాళ్లు కాదు.

నాతోపాటు ఇద్దరుండేవాళ్లు. ఒకాయన రిటైరైన తెలుగు అయ్యవారు, వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలు ఆడినవాడు. తన గొంతు మీద తనకు ఎంత మోజంటే, హాజరు పిలిచినా రాగం తీసేవాడు. రెండో ఆయన మా రికార్డు అసిస్టెంటు. మనిషి వెన్న. ఎవరైనా సంతోషపడితే చూడాలని ఆశ, అందుకోసం ఎంత దూరమైనా పోతాడు. మా మీదికి ఆపదలన్నీ ఆయన మంచితనం నుంచే వచ్చేవి.

మా పోటీకి వేరే ఎక్కడా లేని ఒక పద్ధతి ఉండేది. అది ఎలా వచ్చిందో చెప్పాలి. మొదటి ఏడాది ఒక కుర్రాడికి మొదటి బహుమతి ఇచ్చి శాలువా కప్పి పంపాం. కొన్నాళ్లకు ఒక పెద్దమనిషి చంకలో పాత వారపత్రిక పెట్టుకొని వచ్చాడు. అందులో అదే కథ, అక్షరం పొల్లుపోకుండా! మా మొహాలు మాడిపోయాయి. అప్పుడు అయ్యవారు ఒక నియమం పెట్టాడు. మొదటి బహుమతి ప్రకటించే ముందు ఆ కథను సభలో మొత్తం చదవాలి. రాసినవాళ్లు చదవకూడదు, ఆయనే చదువుతాడు. ఎవరు రాశారో అప్పటిదాకా చెప్పరు. చదవడం అయ్యాక సభను అడుగుతాడు: "ఈ కథ ముందే తెలిసినవాళ్లు ఉంటే లేవండి." ఎవరూ లేవకపోతే అప్పుడు ఆ కథ నంబరు పిలుస్తారు, రాసినవాళ్లు లేచి వేదిక మీదికి వస్తారు. చదవకపోతే బహుమతి లేదు. కాపీని పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదని ఆయన వాదన. ఆయనకు చదివే అవకాశం దొరకడానికి కూడా ఇంతకన్నా మంచి దారి లేదని నా అనుమానం.

దీనికి మా రికార్డు అసిస్టెంటు ఇంకో తోక తగిలించాడు. గెలిచినవాళ్లకు తెలియకుండా వాళ్ల ఇంటికి ఫోన్ చేసి, ఇంట్లోవాళ్లను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. నంబరు పిలవగానే పిల్లలు లేచి ఎదురుగా అమ్మానాన్నలను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, పక్కన నిలబడి ఈయనా పెట్టుకునేవాడు. బాగానే ఉందిలే అని నేనూ ఊరుకున్నాను.

ఆ ఏడాది జమ్మలమడుగు తరగతికి ఒక అమ్మాయి వచ్చేది. ముప్పై లోపు ఉంటుంది. ముస్లిముల ఇంటి పిల్ల, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మొగుడు కువైట్లో ఉన్నాడు. వెనక బెంచీలో కూర్చొని, బుర్కా ముసుగు వెనక్కి వేసుకొని, తల ఎత్తకుండా రాసేది. ఒక్క ప్రశ్న అడగదు. అలాంటివాళ్లను చూస్తే నాకు అనుమానం. అయితే ఏమీ తెలియనివాళ్లు అయి ఉంటారు, లేకపోతే అన్నీ తెలిసినవాళ్లు.

పోటీకి వచ్చిన కథల్లో ఆ పిల్ల కథ చదివి నేను రెండో తూరి టీ పెట్టుకున్నాను. కథలో ఒక ఇల్లాలు. ఆమె మొగుడు కువైట్లో పెద్ద కారు తోలుతున్నాడని ఊరంతా అనుకుంటుంది. అతను చేసేది వేరే పని. ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలాయనకు సేవ. ఒళ్లు తుడవడం, గుడ్డలు మార్చడం, నీళ్లు పోయడం. సొంతింట్లో తిన్న తట్ట, అంటే పళ్లెం, ఎత్తి ఎరగని మనిషి. ఆ సంగతి పెళ్లాం ఒక్కదానికే చెబుతాడు, ఫోన్లో వాయిస్ మెసేజీలు పెట్టి. ఆమె అవి వింటుంది, చెరిపేస్తుంది, పక్క గదిలో అత్తకు వినపడకుండా. అంతే కథ. ఎక్కడా ఏడుపు లేదు.

న్యాయనిర్ణేతల్లో ఒకాయనది కృష్ణా నది అవతలి వైపు, మా యాస ఎరగనివాడు. కథ బాగుందిగానీ భాష మోటుగా ఉంది, కాస్త సవరించి చదివిస్తే సభకు నిండుగా ఉంటుందని ఫోన్ చేశాడు. నాకు ఒళ్లు మండింది. "అయ్యా, సవరిస్తే అది మీ కథ అవుతుంది. మీకు ప్రైజు ఇచ్చే ఉద్దేశం మాకు లేదు," అన్నాను. ఒక్క అక్షరం ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు ఆయన మాట వినుంటే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు.

సభ ప్రొద్దుటూరులో. శాలువాలు, జ్ఞాపికలు ఇచ్చే బంగారు అంగడి ఆయనే ముఖ్య అతిథి. నేను గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్లను లోపలికి పంపుతున్నాను. ఆటో ఒకటి ఆగింది. అందులోంచి మా రికార్డు అసిస్టెంటు, మొహం వెలిగిపోతూ దిగాడు. వెనకే ఒక పెద్దావిడ. బొద్దుగా, బలంగా, నడకలో దర్జా ఉన్న మనిషి. చీర కొంగు తల మీదుగా కప్పుకుంది, ముంజేతులు మగవాడి చేతుల్లా ఉన్నాయి.

"ఈమే మేడం," అన్నాడు చెవిలో. "గెలిచిన ఆ పిల్ల అత్త. శానా సంతోషపడింది."

ఆమె నా చేయి పట్టుకుంది. "మా కోడలు ఏందో రాసిందంట గదా మేడం! నాకు చదువు రాదు. నేను పసిబిడ్డలకు నీళ్లు పోస్తా. జమ్మలమడుగులో మా పక్క వీధుల్లో నా కాళ్ల మీద పండుకోని బిడ్డ లేదు, అన్ని మతాలోళ్లూ పిలుస్తారు. నా కొడుకు కువైట్లో పెద్ద కారు తోల్తాడు. ఈడున్నెన్నాళ్లు తిన్న తట్ట ఎత్తి ఎరగడు మేడం! మొగపిల్లోనితో నేను పని చేపియ్యలే. ఆడుండే సేటుకు వాడంటే పానం."

తిన్న తట్ట! ఆ మాట నేను ఎక్కడ చదివానో నాకు తెలుసు. అప్పటిదాకా అది కథ అనుకున్నాను. రాసేవాళ్లకు పాఠాలు చెప్పే నేను, అది కథే అనుకున్నాను.

ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి వెనక్కి తిరిగేసరికి, పుస్తకాల బీరువాల పక్కనుంచి ఎవరో నా కొంగు పట్టి లాగారు. ఆ పిల్ల. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్రైజు నాకేనా మేడం?"

"నీకెవరు చెప్పారు?"

"మా అత్త ముందు వరసలో కూచోనుండాది మేడం." "చదవనియ్యొద్దు మేడం. మీ కాళ్లు పట్టుకుంటా. ఆయప్ప నాతో ఒట్టు ఏపిచ్చుకున్యాడు. అమ్మకు తెలిసిన రోజు నేను ఫోను తీసేస్తా, ఇంగ మీకెవురికీ దొరకను అన్యాడు. అన్యాడంటే చేస్తాడు మేడం, శానా మొండోడు. నా మొగుడు నాకు లేకుండా పోతాడు."

"గెలిచిన కథ సభలో చదువుతారని నీకు తెలియదా?" కోపంగానే అడిగాను. భయమేస్తే నాకు కోపమే వస్తుంది.

"నాకొస్తాదని ఎవురనుకున్యారు మేడం? మా అత్తకు చదువు రాదు. ఆ కాయితాలు ఆమె దిండు కిందే పెట్టుంటి ఇన్నాళ్లు. రాస్తే ఏమవుతాదిలే, ఎవురికో ఒకరికి చెప్పుకున్నట్టు ఉంటాది అనుకున్యా."

"ఆపితే ప్రైజు పోతుంది. ఇంకొకరికి పోతుంది."

"పోనీ మేడం," అంది వెంటనే.

నేను వేదిక వైపు పరుగు లాంటి నడక నడిచాను. దారిలో రికార్డు అసిస్టెంటు తగిలాడు. "నిన్ను ఎవరు పిలుచుకొని రమ్మన్నారయ్యా ఆమెను?" అని పళ్లు కొరికాను. "అదేంది మేడం, ఎప్పుడూ పిలుస్తాండాం గదా?" అన్నాడు పాపం, నవ్వుతూ. ఆ మనిషికి ఏం చెప్పను?

వేదిక మీద బంగారు అంగడి ఆయనకు దండలు పడుతున్నాయి. పక్కన అయ్యవారు జరీ ఉత్తరీయం సర్దుకొని, కళ్లు మూసుకొని, కాగితాలు గుండెకు ఆనించుకొని నిలబడి ఉన్నాడు. మెట్ల దగ్గరి నుంచి పిలిచాను.

"అయ్యవారూ, ఈ కథ వద్దు. రెండో బహుమతి కథ చదవండి."

ఒక కన్ను తెరిచాడు. "అది నేను సాధన చేయలేదు తల్లీ. సాధన చేయనిది చదవను."

"అయితే ఏదీ చదవొద్దు. కారణం తర్వాత చెప్తాను."

"గుక్క పట్టిన తర్వాత ఆపకూడదు," అని మైకు ముందుకు వెళ్లిపోయాడు.

ఎక్కి ఆ కాగితాలు లాక్కోకపోయావా అని మీరు అడుగుతారు. లాక్కుంటే ఎందుకో చెప్పాలి. అంత మంది ముందు ఎందుకో చెబితే, కథ చదివినట్టే కదా! మైకు కుర్రాడి వైపు చూసి, ఆపెయ్ అని సైగ చేశాను. వాడు నన్ను చూసి భయపడి టక్కున ఆపేశాడు. అయ్యవారు మైకును ఒకసారి తట్టి చూసి, చిన్నగా నవ్వి, దాన్ని పక్కకు జరిపాడు. మైకులు లేని ఊళ్లలో తెల్లవార్లూ పద్యాలు పాడిన గొంతు అది. ఆయన మొదటి వాక్యం అందుకునేసరికి బయట టీ బంకు దగ్గరివాళ్లు కూడా తలలు తిప్పారు. నేను చేసిన పని వల్ల సభ ఇంకా నిశ్శబ్దమయింది.

ఇక మిగిలింది ఒక్కటే. ముందు వరసలోకి వెళ్లి ఆ పెద్దావిడ పక్కన కూర్చున్నాను. "అమ్మా, అట్ల బయటికి రండి, టీ తాగుదురు."

"ఇప్పుడేం టీ మేడం? గమ్మునుండు. నా కోడలి కత చదవతాండాడు," అని నా చేతి మీద చిన్న దెబ్బ కొట్టింది.

కదలక అక్కడే కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూశాను. ఆ పిల్ల ఆఖరి వరసలో, గోడకు ఆనుకొని, కళ్లు గట్టిగా మూసుకొని ఉంది.

కథ మొదట్లో వంటింటి మాటలు వస్తాయి, కోడలు అత్తకు భయపడి చక్కెర డబ్బా దాచే మాటలు. సభ నవ్వింది. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది. "ఆ అత్త ఎవురోగానీ, మా యమ్మ లెక్క ఉండాది," అంది నాతో. నేను నవ్వాననుకుంటా. తర్వాత కువైట్ వచ్చింది. అయ్యవారి గొంతు దిగింది. కారు లేదు, సేటు లేడు, మంచం మీద ఒక ముసలి ప్రాణం ఉంది. పొద్దున్నే ఆయన గుడ్డలు మారుస్తాడు కథలోని మనిషి. ఆమె నవ్వు ఆగిపోయింది. "అయ్యో, ఎవురి కొడుకో పాపం! కన్నతల్లికి తెలిస్తే తట్టుకుంటాదా?" అని నాలుక చప్పరించింది.

నేను ఆమె మొహం చూడలేక చేతులు చూస్తూ కూర్చున్నాను. పెద్ద చేతులు, అరచేతులు మెత్తగా నానిపోయినట్టు ఉన్నాయి. ఒళ్లో కదలకుండా పడి ఉన్నాయి.

"బకెట్లో నీళ్లు తెచ్చుకుంటాడు," అని అయ్యవారు చదువుతున్నాడు. "చేయి పెట్టి చూడడు. మోచెయ్యి ముంచి చూస్తాడు. చేతికి వేడి అలవాటయిపోయింటాది, మోచెయ్యికే నిజం తెలుస్తాది అంటాడు."

ఆమె కుడి చేయి ఒళ్లోంచి లేచింది. లేచి, ఎడమ మోచేతిని పట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

అయ్యవారు ఆపలేదు. వీపు రుద్దడం, మెడ కింద చేయి పెట్టి తల ఎత్తడం, చెవుల దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టడం. ఇక చివరి చెంబు. మీ ఇళ్లల్లో పసిబిడ్డలకు నీళ్లు పోయడం చూసే ఉంటారు. ఆఖరి చెంబు నీళ్లు బిడ్డ చుట్టూ తిప్పి, దిష్టి తీసి, ఏదో ఒక మాట చెప్పి పోస్తారు. ఒక్కో మనిషిది ఒక్కో మాట. కథలో ఆ కొడుకు, తెలుగు రాని ఆ ముసలాయన తల చుట్టూ ఆఖరి చెంబు మూడు తూర్లు తిప్పుతాడు. తిప్పి, తనకు తెలిసిన ఒకే ఒక్క మాట అంటాడు.

"అని... ఇట్లంటాడు," అని అయ్యవారు ఆగాడు. నాటకాల మనిషి కదా! పద్యం అందుకునే ముందు సభను ఊపిరి బిగబట్టించే ఆ ఆట ఆయనకు ప్రాణం. కాగితం దించి, సభంతా ఒకసారి చూశాడు.

ఆ నిశ్శబ్దంలో నా పక్కనుంచి వచ్చింది ఆ మాట. గట్టిగా కాదు. కాళ్ల మీద బిడ్డ ఉన్నప్పుడు ఎంత గొంతుతో అంటారో అంత గొంతుతో.

"పోయే నీళ్లెంబడి పోయేదంతా పో. నా బిడ్డ ఈడ్నే ఉండు."

అయ్యవారు ఆమెను చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. కాగితంలో ఉన్నది అదే. ముక్కకు ముక్క అదే. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు తడబడింది. సభలో గుసగుస మొదలైంది. ముందే తెలుసంట, కాపీనంట, అని వెనక వరసలదాకా పోయింది.

"చదువప్పా," అంది ఆమె. "నిలబెట్టినావేంది?"

మిగిలిన నాలుగు వాక్యాలు ఎలా చదివాడో ఆయనకే తెలియదు. చదివి, అలవాటు కొద్దీ, అడగకూడదని తెలిసి కూడా, అడిగేశాడు. "ఈ కథ ముందే తెలిసినవాళ్లు ఉంటే... లేవండి."

ఆమె లేచింది.

బంగారు అంగడి ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. మా న్యాయనిర్ణేత ఒకాయన "అంటే ఇది సొంత రచన కాదా?" అని పైకే అడిగాడు. వెనక ఆ పిల్ల గోడ పట్టుకొని లేచి నిలబడింది. నా కొడుకు పరువు తీసిందని ఈమె ఇప్పుడు అరిస్తే? నేను రాయలేదని ఆ పిల్ల అబద్ధమాడితే? ఆ క్షణాన నాకు ఏ కథా వద్దు, ఏ పోటీ వద్దు, ఈ సభ నుంచి అందరూ ఇళ్లకు పోతే చాలు అనిపించింది.

"ఈ కత నాకు తెలీదు," అంది ఆమె. "ఈ పొద్దుటిదాకా నాకు తెలీదు. ఆ మాట మాత్తరం నాది. మా యమ్మ కూడా చెప్పలే, నేనే కట్టుకున్యా. రాసింది నా కోడలు. యాడో చూసి రాయలే. ఇంట్లో ఉండేది ఇంట్లో మనిషి తీసుకుంటే దొంగతనమా?" అంటూ న్యాయనిర్ణేత వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మరి పిలువు నా కోడల్ని," అని కూర్చుంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ పిల్ల వచ్చింది, శాలువా కప్పించుకుంది, జ్ఞాపిక తీసుకుంది. రికార్డు అసిస్టెంటు కళ్లు తుడుచుకున్నాడు. అంతా అయిపోయిందని, సుఖాంతమని ఆయన అనుకున్నాడు. ముందు వరసలో ఆమె చప్పట్లు కొట్టడం లేదని చూసింది నేను, ఆ పిల్ల, ఇద్దరమే.

సభ ముగిశాక లైబ్రరీ వరండాలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. నేను పక్కకు పోవలసింది. పోలేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అంది అత్త.

"చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్యాడు అత్తా."

"నాకు చెప్పొద్దన్యాడు. ఊరికి చెప్పమన్యాడా?"

ఆ పిల్ల తల దించుకుంది. శాలువా అంచు వేళ్లకు చుట్టుకుంటోంది. నేను ఊరుకోలేక, "పేర్లు మార్చి రాసిందమ్మా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "పేరు మారిస్తే నా కొడుకు గాకుండా పోతాడా మేడం?"

అన్నేళ్లు తరగతుల్లో నిలబడి ఆ మాట చెప్పినదాన్ని నేనే. దీనికి జవాబు మీలో ఎవరికైనా దొరికితే చెప్పండి.

రోడ్డు మీద ఎర్రగుంట్ల వైపు లారీలు పోతున్నాయి. ఆమె అటే చూస్తోంది. ఎంత అతిశయంగా ఆటో దిగిన మనిషి! ఎన్నేళ్లుగా ఎన్ని గడపల్లో, ఎన్ని పసిబిడ్డల తల్లులకు ఆ పెద్ద కారు కథ చెప్పి ఉంటుందో! రేపటి నుంచి ఏం చెబుతుంది?

"ఫోను ఇట్టియ్యి," అంది.

ఆ పిల్ల గతుక్కుమంది. "అత్తా, నీకు తెలిసిందని తెలిస్తే ఆయప్ప ఫోను తీసేస్తా అన్యాడు..."

"ఇయ్యే అంటే!"

ఇచ్చింది. "వాడు చెప్తాండేది యాడ నొక్కి చెప్తాడో, ఆడ నొక్కి పట్టుకో," అంది. ఆ పిల్ల మైకు గుర్తు నొక్కి పట్టుకుంది. ఆమె ఫోన్ మీదికి వంగింది. తిడుతుందా, ఏడుస్తుందా, వెంటనే వచ్చెయ్యమంటుందా, లేక నువ్వు నా కొడుకువే కాదంటుందా!

"నాయనా," అంది. గొంతు సవరించుకుంది.

"ముసిలాయప్పకు నీళ్లు పోసేటప్పుడు తల ఒక పక్కకు వంచు. అరచెయ్యి అడ్డం పెడితే సాలదు, పెద్దోళ్ల చెవులు లోతుగా ఉంటాయి. చలికాలం వీపుకు ముందు ఆముదం రుద్దు, ఆ తర్వాతనే నీళ్లు. తుడిచినాక ఒట్టి నేల మీద కూచోబెట్టొద్దు. నువ్వు తిన్యాకనే నీళ్లు పొయ్యి, కాలే కడుపుతో పొయ్యొద్దు, నడుము పట్టుకుంటాది."

ఆ పిల్ల వేలు ఇంకా తీయలేదు. ఆమె ఏదో మరిచిపోయినట్టు మళ్లీ వంగింది.

"ఆ చెంబు ఆయప్పకు తిప్పినాక, నువ్వు గూడ ఒకటి తిప్పుకో."